బ్రేకు క్రింది వణకు

ఊరి పొలిమేరలో రైల్వే గేటు మూయబడుచున్నది. మీరు బ్రేకు నొక్కితిరి. కారు నిలిచినది, కాని నిలుచులోపల మీ పాదము క్రింద పెడలు నాడివలె కొట్టుకొన్నది. చేతిలోని స్టీరింగు చక్రము ఇటునటు అదరినది. వేగము తగ్గినకొలది ఆ కొట్టుకొనుట నెమ్మదించి, కారు ఆగుటతో ఆగిపోయినది. ప్రక్కన కూర్చున్నవారు "ఏమది?" అని అడిగిరి. "ఏమీ లేదు" అని మీరు చెప్పితిరి. స్వంత కారు గలవారిలో ఈ సంభాషణ ఎరుగనివారు తక్కువ.

మన మెకానిక్కు షెడ్లలో ఈ వ్యాధికి ఒకే పేరు, ఒకే మందు. "డిస్కు బెండయినదండి, మార్చవలెను" అందురు. మార్చుదురు. వణకు పోవును. ఐదారు మాసములు గడచిన పిమ్మట మరల వచ్చును. నా కారు విషయమున సరిగా ఇట్లే జరిగినది. మొదటిసారి డిస్కులు మార్పించితిని. రెండవసారి అదే మాట విన్నప్పుడు మాత్రము డబ్బు చెల్లించుటకు మనసొప్పక, పాలిటెక్నిక్కులో పాఠములు చెప్పు మిత్రుని యొద్ద డయలు గేజి యెరువు తెచ్చి, ఒక ఆదివారము ఉదయము ఇంటి ముందే చక్రము విప్పితిని. ఆనాడు తెలిసిన సంగతి ఏమనగా, వంగినది డిస్కు కాదు. డిస్కునకు వెనుక, హబ్బుమీద, గోటిచివర నిలువగల చిన్న త్రుప్పు పెచ్చు ఒకటి కూర్చున్నది. మొదటిసారి క్రొత్త డిస్కును దానిమీదనే బిగించినారు.

అంత చిన్న పెచ్చు వేయి కిలోల బండిని ఎట్లు వణకించును? దీనిని తెలిసికొనుటకు డిస్కు బ్రేకు పనిచేయు తీరు కొంచెము చూడవలెను.

చక్రముతోపాటు తిరుగు పోతయినుము పళ్లెమే డిస్కు. దానిని ఇరుప్రక్కలనుండి రెండు ప్యాడ్లు పట్టుకారువలె పట్టును. ఆ పట్టుకారు పేరు క్యాలిపరు. మీరు పెడలు నొక్కగా మాస్టరు సిలిండరులోని ద్రవము గొట్టములగుండ పోయి క్యాలిపరులోని పిస్టనును త్రోయును. ఈ ఊహ క్రొత్తది కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు 1902 లోనే దీనికి పేటెంటు పొందెను. 1953 లో ఫ్రాన్సుదేశపు ల మాన్ పందెమును డిస్కు బ్రేకులుగల జాగ్వారు కారు గెలిచిన పిమ్మటగాని లోకము దీనిని గట్టిగా నమ్మలేదు. మన పాత అంబాసడరులకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే యుండెడివి. నేటి చిన్న కార్లలో పెక్కింటికి ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు.

ద్రవము నలిగి చిన్నది కాదు. ఇటు త్రోసిన అటు, అటు త్రోసిన ఇటు పోవును. కావున డిస్కు మందము ఒకచోట హెచ్చుగ, ఒకచోట తక్కువగ ఉన్నచో, మందమైన భాగము ప్యాడ్ల నడుమకు వచ్చినప్పుడెల్ల పిస్టను వెనుకకు నెట్టబడును. ఆ నెట్టు ద్రవముద్వారా మీ కాలికి చేరును. దీని లెక్క చూచిన ఆశ్చర్యము కలుగును. క్యాలిపరు పిస్టను వ్యాసము 50 మిల్లీమీటర్లు, మాస్టరు సిలిండరు వ్యాసము 20 మిల్లీమీటర్లు అనుకొందము. వైశాల్యములలో మొదటిది రెండవదానికి ఆరుంబావు రెట్లు. డిస్కు మందములోని తేడా 0.02 మిల్లీమీటరు మాత్రమే యైనను, మాస్టరు సిలిండరు కడ అది 0.125 మిల్లీమీటరగును. పెడలు కాడ దానిని నాలుగింతలు చేసిన, కాలి క్రింద అర మిల్లీమీటరు కదలిక. మనము వ్రాసికొను కాగితము మందము సుమారు 0.1 మిల్లీమీటరు. అందులో ఐదవవంతు తేడాను మీ పాదము పసిగట్టుచున్నదన్నమాట.

ఈ తేడా ఎట్లు పుట్టును? ఇక్కడనే అందరు పొరబడుదురు. డిస్కు ఒరిగి తిరుగుట వేరు, దాని మందము తేడాపడుట వేరు. మందము అంతట సమముగా నుండి డిస్కు కొంచెము ఒరిగి తిరిగినచో, జారుడు క్యాలిపరు దానితోపాటు అటునిటు జరుగును. మొదటి దినమున మీకేమియు తెలియదు. కాని తిరగలిని తలచుకొనుడు. పైరాయి ఒకప్రక్కకు ఒరిగి తిరిగినచో ఒకేచోట రాపిడి హెచ్చి ఆ చోటే అరుగును. ఒరిగిన డిస్కు గతియు నదే. మీరు బ్రేకు నొక్కకయే వెళ్లుచున్నప్పుడు, ప్రతి చుట్టునకు ఒకసారి దాని ఒరిగిన అంచు ప్యాడును రాచుకొనుచు పోవును. ఒక్కొక్క రాపిడి లెక్కలోనిది కాదు. వేలకొలది కిలోమీటర్లలో అది ఒక భాగమును పలుచన చేయును. అప్పుడు వణకు మొదలగును. కావుననే తప్పు జరిగిన దినము వేరు, అది బయటపడు దినము వేరు. ఐదు మాసముల క్రిందట టైర్లు మార్చినవాని పని, లేదా డిస్కు బిగించినవాని పని, నేడు మీ కాలికి తెలియుచున్నది. ఈ నడిమి ఎడమువలననే ఎవరును ఎవరిని ప్రశ్నింపజాలరు.

రెండవ కారణము వేడి. వేడికి డిస్కు వంగునని ప్రతీతి. పందెపు కార్ల ఇంజనీరు కారోల్ స్మిత్ దీనిని వట్టి అపోహ యని ఒక వ్యాసమే వ్రాసెను. ఆయన వాదమును స్థూలముగా చెప్పవలెనన్న, వంగినదని మనమనుకొను డిస్కుమీద చాలమట్టుకు జరుగునది ప్యాడు పదార్థము మచ్చలు మచ్చలుగా అంటుకొనుట. తిరుమల కొండదారినే తీసికొందము. కొండమీదినుండి తిరుపతికి ఎత్తు తేడా 700 మీటర్లకు దగ్గర. మనుషులతో, సామానుతో 1,200 కిలోలుండు కారు కేవలము బ్రేకులమీదనే దిగినచో, ఆ ఎత్తులోని శక్తిలో చాలభాగము బ్రేకులలో వేడిగా మారును. ఆ మొత్తము శక్తి 27 లీటర్ల చల్లని నీటిని మరగు స్థితికి తేగలదు. అంత వేడియెక్కిన డిస్కుతో అడుగునకు వచ్చి, వాహనముల వరుసలో పెడలు గట్టిగా నొక్కిపట్టి నిలుచుందుము. ప్యాడు ఉన్నచోట దాని పదార్థము డిస్కునకు అచ్చు వేసినట్లు అంటుకొనును. ఆ మచ్చ తక్కిన చోటికంటె భిన్నముగా రాచుకొనును, భిన్నముగా వేడెక్కును. అలవాటుగా అట్లే నడచిన, మచ్చక్రింది ఇనుమే గట్టిపడి సిమెంటైటు అను కఠిన పదార్థముగా మారును. అప్పుడది గరుకు కాగితమునకు లొంగదు. ఏ గేరున ఎక్కితిమో ఆ గేరుననే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పు మాట ఇంజను సాయముకొరకే. అడుగున ఆగినప్పుడు నేల సమముగా నున్నచో పెడలు వదలి, వెనుక చక్రముల హ్యాండు బ్రేకుతో నిలుపుట మేలు.

ఇక పరీక్ష. చక్రము విప్పుటకు ముందు కొంత పని యున్నది. బ్రేకు నొక్కకయే 80, 90 కిలోమీటర్ల వేగమున స్టీరింగు వణకినచో అది చక్రముల బ్యాలెన్సు లోపము కావచ్చును. దానిని ఈ ఖాతాలో వేయరాదు. బ్రేకు నొక్కినప్పుడే స్టీరింగు వణకినచో ముందు డిస్కులను, స్టీరింగు నిలకడగా నుండి సీటు, నేల అదరినచో వెనుక డ్రమ్ములను అనుమానింపవలెను. డ్రమ్ము గుండ్రదనము చెడినను ఇట్టి అదురే పుట్టును. దీనిని తేల్చుటకు, వెనుకముందు వాహనములు లేని తిన్నని దారిలో, 30 కిలోమీటర్ల వేగమున, హ్యాండు బ్రేకు మీట బొత్తాము నొక్కిపట్టి మెల్లగా లాగి చూడుడు. వణకు వచ్చినచో రోగము వెనుక నున్నది. సాధారణముగా చిన్న కార్లకు వేయు 14 అంగుళముల టైరు గంటకు 70 కిలోమీటర్ల వేగమున సెకనుకు పది చుట్లు తిరుగును. 35 వద్ద ఐదు. వణకు ఈ చుట్లతోపాటు నెమ్మదించినచో అది చక్రములోని దోషమే.

ఇంకొక వణకు గలదు. అది దోషము కాదు. వాననీటిలో, ఇసుకమీద గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు పెడలు టకటకమని వేగముగా కొట్టుకొనును. చక్రము బిగిసి జారిపోకుండ కాపాడు ఏ.బి.యస్. అను ఏర్పాటు తన పని చేయుచున్నదని దాని యర్థము. మన దేశమున 2019 ఏప్రిల్ నుండి క్రొత్త కార్లన్నిటికి దీనిని తప్పనిసరి చేసిరి. మా బావమఱది ఇది యెరుగక, ఒక వానసాయంకాలము పెడలు కొట్టుకొనగానే బెదరి కాలు తీసివేసి, ముందున్న కట్టెల బండిని తాకెను. హెడ్‌లైటు పగులుటతో పోయినది. కాలు తీయరాదు; ఇంకను గట్టిగా నొక్కవలెను. ఇంటిలో కారు నడపువారందరికి ఈ ఒక్క మాట ముందుగా చెప్పియుంచుడు.

చక్రము విప్పుట. గట్టి, సమమైన నేల కావలెను. వెనుక చక్రములకు ముందు వెనుకల చెక్కదిమ్మెలు పెట్టి, హ్యాండు బ్రేకు వేసి, చక్రము నేలమీద నుండగనే నట్లు కొంచెము వదులు చేయవలెను. పిమ్మట జాకీ. జాకీ ఎత్తుటకేగాని మోయుటకు కాదు. ఎత్తిన వెంటనే కారు పుస్తకములో చూపిన చోట స్టాండు నిలిపి బరువు దానిమీద దింపవలెను. ఇటుకలు పేర్చి పని కానిచ్చువారిని చూచియున్నాను. ఇటుక చెప్పకుండ పగులును. బ్రేకు పొడిని నోటితో ఊదరాదు, గాలి కొట్టరాదు, తడిగుడ్డతో తుడువవలెను. పాత ప్యాడ్లలో రాతినార యుండెడిది, అది ఊపిరితిత్తులకు శత్రువు. నేటి పొడియు పీల్చదగినది కాదు.

గేరు న్యూట్రలులో నుంచి, చక్రమును పైన క్రింద పట్టి ఊపి చూడుడు. ఆట యున్నచో బేరింగు అరిగినది. ముందది బాగుచేయింపక కొలతలు తీసి లాభము లేదు. లేనిచో చక్రము తీసి, క్యాలిపరు బోల్టులు విప్పి, దానిని గట్టి తీగతో స్ప్రింగుకు వ్రేలాడదీయవలెను. రబ్బరు గొట్టముమీద దాని బరువు పడరాదు. డిస్కును హబ్బునకు నొక్కిపట్టునది చక్రమే కావున, చక్రము తీసిన పిమ్మట వాషర్లు వేసి నట్లు బిగించినగాని డిస్కు యథాస్థానమున నిలువదు. పలువురు మఱచునది ఇదియే. మఱచి తీసిన కొలత అబద్ధము చెప్పును.

డయలు గేజి అయస్కాంతపు స్టాండును కదలని భాగమునకు తగిలించి, ముల్లు డిస్కు అంచుకు సుమారు పది మిల్లీమీటర్లు లోపలగా ఆనునట్లు చేసి, డిస్కును చేతితో మెల్లగా ఒక చుట్టు త్రిప్పుడు. హెచ్చు తక్కువల తేడాయే ఒరుగుదల. కారును బట్టి 0.05 నుండి 0.10 మిల్లీమీటరు వరకు ఒప్పుకొందురు. మీ కారు లెక్క దాని సర్వీసు పుస్తకములో నుండును. నా కారు కుడి చక్రమున 0.14 కనబడెను. పిదప మైక్రోమీటరుతో అదే వలయముపై ఎనిమిది చోట్ల మందము కొలువవలెను. 0.02 తేడా వచ్చినచో వణకునకు అది చాలును. డిస్కు అంచున లేక నడిమి భాగమున కనిష్ఠ మందము అచ్చువేసి యుండును. అంతకు తగ్గినదానిని మాఱుమాటాడక మార్చవలెను. ఈ కొలతలు కంటికందునవి కావు. డిస్కుప్రక్కన పుల్ల పెట్టి ఎడము చూచి తీర్పు చెప్పువారి మాట నమ్మకుడు. రెండు పరికరములను ఎరువు తెచ్చినను సరే, అద్దెకు తెచ్చినను సరే. కొనినను చాలమట్టుకు ఒక డిస్కుల జత వెలకు మించదు.

ఒరుగుదల హెచ్చుగా నున్నచో, డిస్కును తీయుటకు ముందు అది హబ్బుమీద ఏ రంధ్రమునకు ఎదురుగా నున్నదో సుద్దతో గుర్తు పెట్టుకొనుడు. కొన్నింటికి చిన్న మరలుండును, విప్పవలెను. త్రుప్పుచే పట్టుకొన్నచో సుత్తితో బాదకుడు. అనేక డిస్కులకు రెండు మరరంధ్రములుండును, వానిలో తగిన బోల్టులు మార్చి మార్చి బిగించిన డిస్కు తనంత ఊడివచ్చును. ఇప్పుడు హబ్బు ముఖము చూడుడు. విశాఖపట్నము, కాకినాడ వంటి సముద్రపుగాలి ఊళ్లలో అది ఎఱ్ఱమన్ను పూసినట్లుండును. హబ్బు ముఖము వెడల్పు 130 మిల్లీమీటర్లు, డిస్కు వెడల్పు 240 అనుకొన్నచో, హబ్బు అంచున 0.05 మందముగల పెచ్చు డిస్కు అంచుకు వచ్చుసరికి 0.09 అగును. వ్యాధి యంతయు ఇక్కడనే.

తీగ బ్రష్షుతోను, గరుకు కాగితముతోను హబ్బు ముఖమును, బోల్టుల మొదళ్లను, డిస్కు లోపలి ముఖమును, చక్రము ఆను భాగమును ఇనుము మెఱయువరకు రుద్దుడు. బోల్టుల మొదట మూలలలో దాగిన త్రుప్పే మొండిది. అరగంట పట్టినను విడువరాదు. గ్రీజు పూయకుడు. మరల బిగించి కొలువుడు. నాకు 0.14 పోయి 0.06 వచ్చెను. అంతకును సంతృప్తి లేనిచో డిస్కును ఒక రంధ్రము జరిపి, అనగా నాలుగు బోల్టుల హబ్బున కాలు చుట్టు త్రిప్పి, కొలువవలెను. హబ్బు ఒరుగు, డిస్కు ఒరుగు ఒకదానినొకటి కొట్టివేయు స్థానము దొరకవచ్చును. మూడవ స్థానమున నాకు 0.04 దొరికెను.

క్యాలిపరు జారుడు పిన్నులను కూడ అప్పుడే చూడవలెను. అవి బిగిసినచో ఒక ప్యాడు ఎల్లప్పుడు రాచుకొనుచు డిస్కును వేడెక్కించును. తుడిచి, రబ్బరునకు హాని చేయని సిలికోను గ్రీజు పలుచగా రాయవలెను. ఇంజను నూనె రబ్బరును ఉబ్బించును. పిస్టనును లోపలికి నెట్టునప్పుడు పైడబ్బాలోని ద్రవము పొంగి రంగుమీద పడకుండ చూచుకొనుడు, అది రంగును తినివేయును. అన్నియు బిగించిన పిమ్మట, కారు కదలించుటకు ముందు, పెడలును పలుమారు నొక్కి గట్టిపడనీయవలెను. మఱచినచో మొదటి నొక్కునకు పెడలు నేల నంటును, కారు ఆగదు. ఇంటి గేటును గుద్దిన కార్ల కథలు కొన్ని ఇట్టివే.

ఇంత శ్రమయు నట్లు బిగించుటలో వ్యర్థము కావచ్చును. చిన్న కార్ల నట్లకు కావలసిన బిగువు సాధారణముగా 85 నుండి 110 న్యూటను మీటర్లు. 40 సెంటీమీటర్ల పానమీద 25 కిలోల బరువుంచిన ఇంచుమించు వంద వచ్చును. డెబ్బది కిలోల మనిషి అదే పానమీద ఎక్కి నిలుచున్నచో అది 275. పంక్చరు కొట్టులో గాలి గన్నుతో కొట్టు బిగువు ఎంతో దేవునికే తెలియవలెను. పైగా ఒక నట్టుకొక తీరు. ఒక ప్రక్క హెచ్చు, ఒక ప్రక్క తక్కువ బిగించినచో హబ్బు, డిస్కు కలసి అటు లాగబడును; నిర్మలముగా తుడిచిన హబ్బున్నను ఒరుగుదల తప్పదు. ముందు అన్ని నట్లను చేతితో త్రిప్పి ఆనించి, పిదప ఎదురెదురుగా, అయిదు నట్లున్నచో ఒకటి విడిచి ఒకటిగా, రెండు విడతల బిగించవలెను. కడపటి విడత చక్రము నేల నానిన పిమ్మట టార్కు పానతో.

అప్పటికే మందము తేడా పడిన డిస్కును ఒరుగుదల సవరించుటమాత్రమే బాగుచేయదు. కనిష్ఠ మందము దాటనిచో లేతుపై రెండు ముఖములను పలుచగా చెక్కించవచ్చును. నేను చేయించినది అదే. చెక్కుటకు వీలులేనిచో క్రొత్తవి, ఇరుప్రక్కలకు జతగా. కేవలము ప్యాడు మచ్చలైనచో గరుకు కాగితముతో రుద్ది, ఖాళీ దారిలో 60 కిలోమీటర్ల వేగమునుండి 15 వరకు, పూర్తిగా ఆపకుండ, ఎడమిచ్చుచు ఎనిమిది పది మారులు బ్రేకు వేసి, పిమ్మట బ్రేకు ముట్టక కొంత దూరము నడిపి చల్లారనిచ్చినచో సమమైన పొర ఏర్పడును. క్రొత్త ప్యాడ్లకు, క్రొత్త డిస్కులకును ఈ సంస్కారము అవసరమే. షెడ్డువారికి తీరిక యుండదు కనుక మీరే చేసికొనవలెను.

పెడలు మెత్తగా దిగిపోవుచున్నను, కారు ఒకవైపు లాగుచున్నను, చక్రము లోపల తడి కనబడినను, బ్రేకు దీపము వెలిగినను అది వణకు వ్యవహారము కాదు. ఆ కారును నడపకుడు, తెలిసిన మెకానిక్కును ఇంటికే పిలువుడు.

పని ముగిసిన పిమ్మట నూరు కిలోమీటర్లు తిరిగి నట్ల బిగువు మరల చూడవలెను. ఆ ఆదివారము జరిగి రెండేండ్లయినది. నడుమ తిరుమల రెండు మారులు ఎక్కి దిగితిమి, పెడలు నిశ్చలముగా నున్నది. పంక్చరు వేయించినప్పుడు మాత్రము కొట్టువాడు గన్ను తీయకమునుపే డిక్కీలోని పాన తీసి చేతికిచ్చుచున్నాను. మొదట నవ్వెడివాడు. ఇప్పుడు తానే అడిగి తీసికొనుచున్నాడు.